చెప్పింది చెప్పినట్టు

ఫిబ్రవరి 9

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి విరిగింది. అమ్మ వల్ల.

ఫిబ్రవరి 10

నిన్న రాసిన మూడు ముక్కలకే పావుగంట పట్టింది. కోడి కెలికినట్టు ఉన్నాయి. నా అక్షరాలేనా ఇవి?

ఫిబ్రవరి 11

టెన్త్ పబ్లిక్ పరీక్షలకి ముప్ఫై నాలుగు రోజులుంది. కట్టు నలభై అయిదు రోజులు కదపొద్దని వీరాస్వామి తాత చెప్పాడు. లెక్కలు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 13

ఎడమ చేతికి కాస్త ఓపిక వచ్చింది. ఇవాళ కొంచెం రాస్తాను.

శనివారం సంతరోజు. అమ్మతో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాను. దిగేటప్పుడు అమ్మ చేపల బుట్ట పట్టుకోమంది. రేవు మెట్ల మీద పాచి. కాలు జారింది. బుట్ట గోదావరిలోకి, నేను చెయ్యి మీదకి. పరీక్షల ముందు బుట్ట పట్టుకోమనకపోతే ఇదంతా ఉండేది కాదు. అంతే జరిగింది.

ఆసుపత్రికి వద్దని నాన్న వీరాస్వామి తాత దగ్గరికి తీసుకెళ్ళాడు. మా రేవులో ఎవరి ఎముక విరిగినా ఆయనే. కోడిగుడ్డు సొన, ఏదో ఆకు పసరు, వెదురు బద్దలు. రెండో రోజు నుంచి కట్టు కంపు కొడుతోంది. స్కూల్లో నా పక్కన కూర్చునే పావని బెంచీ మారిపోయింది.

ఇవాళ లెక్కల మాస్టారు యుగంధర్ గారు నన్ను పిలిచారు.

"ఆ చేత్తో ఏం రాస్తావమ్మా?"

"ఎడమ చేత్తో రాస్తానండి."

ఒక నాలుగు మార్కుల లెక్క ఇచ్చి వాచీ చూశారు. ఇరవై రెండు నిమిషాలు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

స్క్రైబుని పెట్టుకోవచ్చట. నేను నోటితో చెబుతుంటే నా పేపరు రాసే మనిషి. నాకంటే కింది తరగతి వాళ్ళే అయి ఉండాలి. దానికి ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ కావాలి, ఎక్స్‌రే కావాలి. వీరాస్వామి తాత సంతకం చెల్లదు. అసలాయన సంతకం పెట్టడు, వేలిముద్ర వేస్తాడు.

ఫిబ్రవరి 15

"కట్టు విప్పారంటే ఎముక మాట వినదు. తర్వాత నన్నడగొద్దు," అన్నాడు తాత, మా అరుగు మీద కూర్చుని టీ తాగుతూ. నాన్న ఆయన వైపు. అమ్మ ఏ వైపో తెలియదు, చేపలు కడుగుతోంది.

మాస్టారు నాకు 575 వస్తాయన్నారు. పోయినేడు మా మండలంలో ట్రిపుల్ ఐటీ సీటు 570 దగ్గర ఆగిందట. సీటొస్తే ఆరేళ్ళు అక్కడే హాస్టలు, అక్కడే చదువు, ఇంజనీరుగా బయటికి రావడం. రాకపోతే ఏంటన్నది నేను ఆలోచించలేదు. ఆలోచించను.

ఫిబ్రవరి 17

తెల్లారి అమ్మే లేపింది. "పద, రాజమండ్రి," అంది. నాన్నకి చెప్పిందో లేదో అడగలేదు.

పెద్దాసుపత్రిలో కట్టు కత్తిరించారు. లోపల చెయ్యి నాది కాదు. తెల్లగా, ముడతలు పడి ఉంది. ఎముక వంకరగా అతుక్కోవడం మొదలుపెట్టిందట. మళ్ళీ లాగి సరిచేయాలట. డాక్టరు గారు ఎక్స్‌రే పైకెత్తి చూసి అమ్మ మీద విరుచుకుపడ్డారు.

"తొమ్మిది రోజులు ఏం చేశారమ్మా?"

"నా తప్పేనండి. బరువు నేనే మోయించానండి. ఆ కట్టు కూడా నేనే కట్టించానండి."

కట్టు కట్టించింది నాన్న. మొదటిది మాత్రం నిజమే.

లాగినప్పుడు అరిచాను. ఎంత అరిచానో గుర్తులేదు. కొత్త సిమెంటు కట్టు ఏప్రిల్ నెల సగం దాకా.

ఫిబ్రవరి 19

సర్టిఫికెట్ మీద సంతకం కాలేదు.

ఫిబ్రవరి 20

కాలేదు. డాక్టరు గారు సెలవు. అమ్మ ఒక్కతే వెళ్ళి వచ్చింది. రెండు రోజులుగా చేపలు అమ్మడానికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 22

అయింది.

ఫిబ్రవరి 24

స్క్రైబు దొరికింది. ఆశాజ్యోతి, తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న ఏసురాజు గారు కొబ్బరి చెట్లెక్కి దింపు తీస్తారు. లూథరన్ చర్చిలో ప్రతి ఆదివారం బోర్డు మీద వాక్యం రాసేది ఈ పిల్లేనట. అచ్చు వేసినట్టు రాస్తుంది, మాస్టారు అందుకే ఎంచారు. క్లాసులో మాత్రం ఇరవయ్యో ర్యాంకు.

ఇరవయ్యో ర్యాంకు చేతిలో నా ట్రిపుల్ ఐటీ. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఫిబ్రవరి 26

చెప్పడం ఇంత కష్టమని తెలియదు. నా లెక్క ఎప్పుడూ నా వేళ్ళలోనే ఉంది, నోట్లో లేదు. "రూట్ మూడు ప్లస్ ఒకటి" అన్నాను. "రూట్ మూడు మీదేనా అక్కా, మొత్తం మీదా?" అంది. ప్రతి ముక్కకీ ఒక ప్రశ్న. ఒక్క లెక్కకి నలభై నిమిషాలు పట్టింది. పుస్తకం విసిరేశాను. ఎడమ చేత్తో విసిరితే దూరం కూడా వెళ్ళలేదు. ఆశ లేచి తెచ్చి మళ్ళీ నా ముందు పెట్టింది.

మార్చి 1

ఇరవై అయిదు నిమిషాలు.

మార్చి 3

ఇవాళ ఆశ నేను చెప్పకుండానే తర్వాతి స్టెప్పు రాసేసింది. ఆ స్టెప్పు కరెక్టే. అదే నాకు మండింది.

"నిన్నెవరు రాయమన్నారు? నువ్వు నా చెయ్యివి. చెయ్యికి బుర్ర ఉండకూడదు. చెప్పింది చెప్పినట్టు రాయి, అంతే."

ఆశ తల ఊపి ఆ స్టెప్పు కొట్టేసింది. యుగంధర్ మాస్టారు విన్నారు.

"రూలు అదేనమ్మా. హాల్లో ఆ పిల్ల సొంతంగా గీత గీసినా, నోరెత్తినా ఇద్దర్నీ లేపేస్తారు. కానీ చెప్పే పద్ధతి అది కాదు."

రూలు అదే అన్నారు కదా. ఇంక పద్ధతేంటి?

మార్చి 8

త్రికోణమితి. బొమ్మలు కూడా నోటితోనే చెప్పాలి. లైట్‌హౌస్ పైనుంచి పడవని చూసే లెక్క ప్రతి ఏడూ ఏదో ఒక రూపంలో వస్తుందని మాస్టారు రోజూ మూడు గీయమన్నారు. నేను చెబుతాను: నిలువు గీత. కింద నేల గీత. పైకొన నుంచి అడ్డంగా చుక్కల గీత. చుక్కల గీత కింద కోణం.

"ఈ చుక్కల గీత ఎందుకక్కా? ఉత్తినే ఉందిగా," అంది ఆశ.

"పైన నిలబడ్డవాడి చూపు ముందు తిన్నగా ఉంటుంది. అక్కణ్ణించి పడవ మీదకి ఎంత దించాడో అదే నిమ్న కోణం. మొదలు లేకపోతే ఎంత దించాడో ఎలా తెలుస్తుందే?"

భలే చెప్పాను. నాకే నచ్చింది.

మార్చి 12

పదమూడు నిమిషాలు! ఇప్పుడు "పైకొన నుంచి" అనగానే ఆశ పెన్సిలు అక్కడ పెట్టి కూర్చుంటుంది, చుక్కల గీత మాట కోసం. నేను అనేదాకా గీయదు. బాగా నేర్పాను.

అమ్మ ఈమధ్య నన్ను చెంబు కూడా ఎత్తనివ్వడం లేదు. రెండు బుట్టలూ తనే మోసుకుని పంటు ఎక్కుతోంది.

మార్చి 16

రేపే.

చర్చిలో టెన్త్ పిల్లల హాల్‌టికెట్లు బల్ల మీద పెట్టించి పాస్టరు గారు ప్రార్థన చేశారట. ఆశ తొమ్మిదో తరగతి, దానికి హాల్‌టికెట్ ఏది? నా నంబరు చీటీ మీద రాసి పెట్టిందట. సాయంత్రం వచ్చి చెప్పింది. ఇంట్లో అమ్మ నా అసలు హాల్‌టికెట్ గంగానమ్మ పటం ముందు పెట్టింది. దాని మీద కుంకుమ పడింది, తుడిస్తే ఫొటోలో నా బుగ్గ ఎర్రబడింది.

నిద్ర పట్టేలా లేదు.

మార్చి 17

తెలుగు. మాకు వేరే గది ఇచ్చారు. ఇద్దరమే, ఒక ఇన్విజిలేటరు మేడం. నేను చెప్పే ప్రతి మాటా ఆవిడ వింటోంది. బాగానే రాశాం. రాసింది.

మార్చి 19

హిందీ. పర్లేదు.

మార్చి 21

ఇంగ్లీషు. ఒక వ్యాసం చివర రెండు వాక్యాలు పోయాయి, టైం లేక. సోమవారం లెక్కలు. అందులో 99 తక్కువ రాకూడదు.

మార్చి 24

రాయాలని లేదు. రాస్తాను.

పేపరు తేలికే. అదే నన్ను ముంచింది. గంటన్నరలో సగం పైన అయిపోయింది. ఎనిమిది మార్కుల్లో చివరిది: అరవై మీటర్ల లైట్‌హౌస్, పైనుంచి ఒకే వైపు రెండు పడవలు, నిమ్న కోణాలు ముప్ఫై, నలభై అయిదు. పడవల మధ్య దూరం ఎంత? లోలోపల నవ్వుకున్నాను. రేవులో పుట్టినదాన్ని, పడవల లెక్క నాకా?

గబగబా చెప్పాను. నిలువు గీత, నేల గీత, పైకొన నుంచి పడవలకి రెండు గీతలు. ఆశ పెన్సిలు పైకొన మీద ఆగింది. కదల్లేదు. మేడం తలెత్తి చూసింది. నాకు భయమేసింది, ఈ పిల్ల ఏమైనా అంటుందేమోనని.

"ఏంటి చూస్తావ్? రాయి. నిలువు గీత పక్కన ముప్ఫై, నలభై అయిదు."

రాసింది. జవాబు 25.4 వచ్చింది. కింద రెండు గీతలు కొట్టించాను. ఇంకా పది నిమిషాలు ఉండగానే పేపరు ఇచ్చేశాం.

గేటు దగ్గర పావని అడిగింది. "పడవలది నలభై మూడు పాయింట్ తొమ్మిదే కదా?"

అప్పుడు తెలిసింది. కోణం చుక్కల గీత నుంచి కిందికి కొలవాలి. నేను లైట్‌హౌస్ గోడ నుంచి కొలిచాను. చుక్కల గీత చెప్పనే లేదు. బొమ్మ తప్పు, లెక్క తప్పు, ఎనిమిదిలో ఏడు పోయినట్టే.

ఆశ వైపు తిరిగాను.

"నీకు తెలుసు కదా! తెలిసే ఆగావు కదా?"

"నువ్వు చుక్కల గీత చెప్పలేదక్కా."

"చెప్పకపోతే గీయలేవా? నలభై సార్లు గీశావు కదే! నీకేం పోయింది, పోయేది నా సీటు కదా! నిన్ను నమ్ముకున్నాను చూడు, నాకు బుద్ధి లేదు."

గేటు దగ్గర అందరూ చూశారు. ఆశ ఏడవలేదు. అట్ట, పెన్సిలు డబ్బా నా చంకలో పెట్టి వెళ్ళిపోయింది. ఖాళీ బుట్టలతో నా కోసం ఆగిన అమ్మ కూడా అంతా విన్నది. ఇంటికొచ్చాక అంది:

"ఓడ దిగాకే అంటారే ఎవరైనా బోడి మల్లయ్య అని. నువ్వు నడి గోదాట్లోనే అనేశావు. ఇంకా మూడు పరీక్షలున్నాయి."

మార్చి 25, పొద్దున

ఆశ ఎనిమిదింటికి ప్రాక్టీసుకి రావాలి. రాలేదు.

తొమ్మిదిన్నర. రాలేదు. రాకపోతే మానె.

మార్చి 25, సాయంత్రం

రేపు ఫిజికల్ సైన్స్. పరీక్షల వాళ్ళు స్క్రైబుగా ఆశ పేరే ఒప్పుకున్నారు, మార్చాలంటే మళ్ళీ కాగితం, మళ్ళీ సంతకాలు. మాస్టారికి ఫోన్ చేస్తే, "వెళ్ళి తీసుకురా. నేను రాను. అన్నది నువ్వు," అన్నారు.

మధ్యాహ్నం ఎండలో కాలవ గట్టు మీద నడిచి వెళ్ళాను. ఏసురాజు గారు గుమ్మంలో మోకుతాడు పేనుకుంటున్నారు.

"రామ్మా. నిన్నటి నుంచి సరిగ్గా అన్నం తినలేదమ్మా అది. పెరట్లో ఉంది."

ఆశ నేల మీద కూర్చుని కటకం బొమ్మలు గీస్తోంది. రేపటి సిలబస్. పక్కన రఫ్ పుస్తకం తెరిచి ఉంది, పేజీ నిండా లైట్‌హౌస్‌లు. అన్నింటికీ చుక్కల గీత ఉంది.

"పెన్సిలు అక్కడే పెట్టుకుని కూర్చున్నానక్కా, నువ్వు చెబుతావని," అంది, తలెత్తకుండానే. "నువ్వు రాయి అన్నావు."

"గీసేస్తే ఏమయ్యేది? మేడం చూసేది కూడా కాదేమో."

"గీసేస్తే అది నా లెక్క అవుద్ది కదక్కా. నీది అవ్వదు."

తప్పు నాదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"రేపు తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండు," అన్నాను.

"వస్తానక్కా. ఒప్పుకున్నాను కదా."

వెళ్ళాను కదా, అంత ఎండలో. వెళ్ళడమే సగం క్షమాపణ. మిగతా సగం పరీక్షలయ్యాక చెబుతాను.

మార్చి 26

వచ్చింది.

ప్రతి బొమ్మా చెప్పడం అయ్యాక, "ఆగు" అని పైనుంచి కిందిదాకా నేనే చూసుకున్నాను. ఆశ మొహం చూడలేదు. దాని పెన్సిలు ఎక్కడ ఆగిందో చూసి దిద్దుకుంటే అది కూడా కాపీయే. కటకం బొమ్మలో కిరణాలకి బాణం గుర్తులు మర్చిపోయానని నాకు నేనే కనిపెట్టాను. చెప్పాను, పెట్టింది. ఆశ చిన్నగా ఊపిరి వదలడం మాత్రం వినపడింది.

ఏప్రిల్ 1

సోషల్ అయిపోయింది. అన్నీ అయిపోయాయి. ఆశ, "బాగా వస్తాయక్కా," అని వెళ్ళిపోయింది. వెనక్కి పిలుద్దామనుకునే లోపు సైకిలు మలుపు తిరిగింది.

ఏప్రిల్ 16

కట్టు తీశారు. ఇది కుడి చేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంది. మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. మెల్లగా వస్తుందట.

ఏప్రిల్ 23

లెక్కలు 91. మొత్తం 565.

మిగతా అన్నీ వేసుకున్నట్టే వచ్చాయి. ఆ ఏడు మార్కులూ ఉంటే 572. ఎన్ని రకాలుగా కూడినా 572.

ఆశ కొబ్బరి లౌజు డబ్బాతో వచ్చింది, వాళ్ళమ్మ చేసిందట. స్కూల్ ఫస్ట్ నేనేనట. గుమ్మంలో నిలబడి, "లెక్కలు ఎంతక్కా?" అని అడిగింది. చెప్పాను. డబ్బా కింద పెట్టి ఏడ్చింది. మార్కులు నావి, ఏడుపు దానిది. అప్పుడు చెప్పగలిగాను, నెల రోజులు ఆలస్యంగా. "తప్పు నాదే ఆశా. నువ్వు సరిగ్గానే చేశావు."

కళ్ళు తుడుచుకుని, "వచ్చే ఏడు నాకు లెక్కలు చెబుతావా అక్కా?" అంది.

జూన్ 23

ట్రిపుల్ ఐటీ లిస్టు వచ్చింది. మాస్టారు ఫోన్‌లో పైనుంచి కిందికి రెండుసార్లు చూశారు. నేను ఒక్కసారే చూశాను.

లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. నాన్న వల తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గర కూలబడిపోయింది. నేను పుట్టాక అమ్మ అలా ఏడవడం చూడలేదు.

"నా వల్లేనే సాయీ. ఆరోజు నిన్ను బుట్ట పట్టుకోమనకపోతే నీ చెయ్యి నీకుండేది. నీ సీటు నేనే నీళ్ళలో పారేశాను."

ఇక రాయక తప్పదు. ఈ పుస్తకం ఎవరూ చదవరు, అయినా ఇందులో కూడా నేను అబద్ధమే రాశాను.

ఆరోజు పంటు దిగేటప్పుడు నా ఎడమ చేతిలో బిట్ల పుస్తకం ఉంది. అమ్మ, "పుస్తకం సంచిలో పెట్టు, బుట్ట రెండు చేతులా పట్టు, మెట్ల మీద పాచి ఉంది," అంది. రెండుసార్లు అంది. నేను ఒక్క చేత్తో బుట్ట పట్టుకుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండా దిగాను. పడ్డాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నీ వల్లే".

అదంతా అమ్మతో చెప్పాను. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని నా వైపు వింతగా చూసింది.

"పుస్తకం సంగతి నాకు గుర్తే లేదే. నువ్వు నా వల్లే అన్నావు కదా. నువ్వంత తెలివైనదానివి, నువ్వన్నావంటే అంతేననుకున్నాను. డాక్టరు గారికీ, చుట్టాలకీ, అందరికీ అదే చెప్పుకున్నాను."

తప్పు చెప్పింది నేను. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది అమ్మ. నాలుగు నెలలు.

జూలై 1

అవతలి ఒడ్డున ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. ఇంటర్ అయ్యాక ఎంట్రన్సు రాస్తే ఇంజనీరింగుకి వేరే దారి ఉందని మాస్టారన్నారు. ఉంది. సాయంత్రం ఆరింటికి ఆశ వస్తుంది, మొదటి పాఠం త్రికోణమితే కావాలంది.

పొద్దున పంటు దిగేటప్పుడు బుట్ట ఇమ్మన్నాను. అమ్మ ఇవ్వలేదు, "నీ చెయ్యి..." అంది. పుస్తకాలు సంచిలో పెట్టి, సంచి వీపుకి తగిలించుకుని, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. వెనక జనం తొందరపెడుతున్నారు. అమ్మ చాలాసేపు చూసి, ఇచ్చింది.

బరువుగానే ఉంది.

మెట్లు చూసుకుంటూ దిగాను.